అక్క కంప్యూటర్ వెనక

ల్యాప్‌టాప్‌కి కలిపే అడాప్టర్ ఎక్కడం లేదని గట్టిగా నొక్కాను. లోపల ఏదో టిక్కుమంది.

లాగి చూస్తే, కంప్యూటర్ వెనక పోర్టులో ఒక పిన్ను వంగి పడుకుంది.

అక్క ఎంబ్రాయిడరీ మిషను నడిచేది ఈ పాత కంప్యూటర్ మీదే. ఇలాంటిది ఇప్పుడెక్కడా దొరకదు. ఇది పోతే షాపు మూతే. "నేనొచ్చేదాకా దాని జోలికెళ్లకు" అని వెళ్తూ వెళ్తూ కూడా చెప్పింది.

పట్టకారుతో పిన్ను లేపబోయాను. అది కాస్తా విరిగిపోయింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"ఏరా, ఆ మొహమేంటి దెయ్యాన్ని చూసినట్టు?"

"అక్కా... నీ డిజైన్లు నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిద్దామని... పోర్టు..."

"ఒక్క గంట కుదురుగా కూర్చోలేవు కదా!"

టార్చి వేసి కంప్యూటర్ వెనక్కి వంగింది. నేను గోడకి అతుక్కుపోయాను. అక్క రెండు మరలు తిప్పి, నేను పోర్టనుకున్న బొటనవేలంత ముక్కని ఊడదీసి నా చేతిలో పెట్టింది. దాని వెనక అసలు పోర్టు చెక్కుచెదరకుండా ఉంది.

"విరిగితే ఇదే విరగాలని మధ్యలో బిగించానురా, మొద్దూ."

"ఎప్పుడు?"

"పెట్టె సర్దుకుని మా ఇంట్లో దిగావే, ఆ రోజే."