బేరమొస్తే కుంటే గుర్రం

“కరీమూ! ఫోనొచ్చిందే! వేటపాలెం ఆయన రేప్పొద్దున తొమ్మిదింటికల్లా వస్తాడంట. గుర్రాన్ని చూసి, వెంటనే తోలుకుపోతాడంట!”

ఎస్టీడీ బూత్ కోటేశ్వరి గోడమీంచి కేకేసేసరికి కరీమున్ చేతిలో చేట అక్కడే వదిలేసి వాకిట్లోకి పరిగెత్తింది. ఈ ఎండాకాలంలో చీరాల సముద్రపు ఒడ్డున జనాన్ని ఎక్కించుకుని తిప్పడానికి ఆయనకో గుర్రం కావాలి. రేపు గుర్రం వెళ్తే ఎల్లుండి ఆటో వస్తుంది. దాని వెనకాల ఎర్రరంగుతో ‘కరీమున్’ అని పేరు. పెళ్లయిన వారానికే హయాత్ మాటిచ్చాడు. ఈ రెండు నెలల్లో ఆమె అడిగిన దేనికీ అతను కాదనలేదు. మల్లెపూలు, మ్యాట్నీ సినిమా, కోన్ ఐస్‌క్రీమ్, ఇప్పుడు ఆటో. అయినా చిలకలూరిపేటలో ఇంకా జట్కా ఎక్కేదెవరు?

“పేరు నీదేనంటగా? మరి డ్రైవరు పక్కసీటు కూడా నీదేనా?” అంది కోటేశ్వరి.

“మీకు వెనకసీటు, అక్కా!”

ఇద్దరూ నవ్వుతుండగానే పాకలోంచి మామగారు మీరావలి గొంతు వినిపించింది.

“అమ్మా, చమేలి మళ్లీ కుంటతా ఉంది.”

కరీమున్‌కి ఒళ్లు మండిపోయింది. ఇది మూడోసారి. బేరగాడు వస్తున్నాడని తెలిసిన రోజే ఈ గుర్రానికి కుంటు వస్తుంది. అంతకుముందు రెండు బేరాలూ ఇలాగే చెడిపోయాయి. కుంటిగుర్రాన్ని అంటగడతారా అని మార్టూరు ఆయన వీధిలో నిలబడి అరిచి మరీ వెళ్లాడు.

మొదటిసారి కుంటినప్పుడు పశువుల డాక్టరు జయపాల్ గారు, బీయస్సీ చదివిన పిల్లవి నీకు తెలియాలంటూ ఆమెకే అంతా నేర్పించారు. ముందు గిట్టమీద చెయ్యివేసి వేడి చూడాలి. తర్వాత కాలెత్తి, అడుగున గాడుల్లో మట్టి గీకి వాసన చూడాలి. నల్లగా కారి కంపు కొడితే కుళ్లు పట్టినట్టు. వేడిగా ఉండి, ఒకచోట నొక్కగానే కాలు లాక్కుంటే లోపల చీము చేరినట్టు. చీమైతే ఎవరూ కత్తి పెట్టకూడదు, ఆయన్ని పిలవాల్సిందే.

హయాత్ పగ్గం పట్టుకున్నాడు. కరీమున్ కొంగు బిగించి చమేలి ముందుకాలు ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. వేడి లేదు. కంపు లేదు. నాడా కదల్లేదు, మేకులు సరిగ్గానే ఉన్నాయి. మొద్దు కొక్కెంతో గాడిలోకి గీకేసరికి టక్కుమంది.

“మళ్లీ రాయే!” దాన్ని ఊడబెరికి హయాత్ ముఖం ముందు పెట్టింది. “ఎంత నున్నగా ఉందో చూడండి. మనది నల్లరేగడి. రోడ్డుమీద పరిచింది కంకర, ముట్టుకుంటే చెయ్యి కోసుకుపోతుంది. ఇది ఏటిరాయి. ఇక్కడికెట్లా వచ్చింది?”

“ఏమో, ఎక్కడ తొక్కిందో...” అన్నాడు హయాత్, పగ్గం వైపు చూస్తూ.

“తొక్కితే ఇంత బిగువుగా పట్టదు. ఎవరో దిగ్గొట్టినట్టుందని డాక్టరుగారు పోయినసారే అన్నారు. నేనే నమ్మలేదు.”

ఆమె చూపు మామగారి మీదికి తిరిగింది. ముప్పై ఏళ్లు జట్కా తోలిన మనిషి. తెల్లారగానే పాకలోకి వెళ్లేదీ ఆయనే, ముందుగా కుంటు కనిపెట్టేదీ ఆయనే.

“మామయ్యా, పోయిన నెల మీ అబ్బాయి దించొస్తే తాడేపల్లి వదినగారింట్లో వారం ఉన్నారు. వాళ్లిల్లు కృష్ణ ఒడ్డునే గదా?”

మీరావలి చమేలి మెడ నిమిరాడు.

“నోరులేని జీవం కాలితో ఆడుకుంటారా? ఈ గిట్టలే మనకి అన్నం పెట్టాయని రోజూ చెప్తారే, ఆ గిట్టల్లోనా రాళ్లు దిగ్గొట్టేది? ఆటో ఇష్టం లేకపోతే నా మొహం మీదే చెప్పొచ్చుగా! నేనేమన్నా కొరుక్కుతింటానా?”

“కరీమూ, అదిగాదు...”

“నువ్వు నోర్ముయ్యరా,” అన్నాడు మీరావలి. కొడుకు వైపు ఒక్కసారి చూసి తలగుడ్డ విప్పుకుని ముఖం తుడుచుకున్నాడు. “అవునమ్మా. నేనే.”

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. దాంతో కోపం ఇంకా పెరిగింది. గోరువెచ్చటి ఉప్పునీళ్లతో గిట్ట కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అయోడిన్ అద్దిన దూదిని గాడిలో పెడుతూ గొణుగుతూనే ఉంది. అరగంటకి చమేలి కాలు నిండుగా ఆన్చి వాకిలంతా తిరిగింది. కుంటు ఆనవాలే లేదు.

“వినండి,” అంది హయాత్‌తో. “రేప్పొద్దున మొదటి బస్సుకే మామయ్యని తాడేపల్లి పంపించెయ్యండి. తొమ్మిదింటికి బేరగాడొచ్చేదాకా చమేలి పక్కన నేనే కూర్చుంటా. మధ్యాహ్నానికల్లా బేరం తెగాలి.”

“సరే కరీమూ,” అన్నాడు హయాత్, ఎప్పటిలాగే.

“రేపు నలుగురిలో నిలబడాలి, ఆ చొక్కా ఇటివ్వండి, ఉతికేస్తా.”

హయాత్ కాసేపు తటపటాయించి చొక్కా విప్పి ఇచ్చాడు. బకెట్లో ముంచబోతూ కరీమున్ అలవాటుగా జేబులో చెయ్యి పెట్టింది.

మరో రెండు ఏటిరాళ్లున్నాయి.