పోయిన చప్పుడు

"ఎవరు పొయ్యమన్నారయ్యా నిన్ను, ఈ ఆయిలు?"

లెక్కల మాస్టారు షెడ్డులోకి వస్తూనే అరిచారు. క్లాసులో పిల్లల్ని కూడా గట్టిగా మందలించలేని మనిషి. మెకానిక్ స్పానరు కింద పెట్టి, బయట ఆగిన కారు వైపు చూశాడు. రెండే తలుపులున్న పాత స్పోర్ట్స్ కారు. ఎర్ర రంగు వెలిసిపోయి ఇటుక రంగుకి వచ్చింది. ఇంజను ఆపలేదు. పిల్లి గురక పెట్టినట్టు మెత్తగా నడుస్తోంది.

"ఏం మాస్టారూ, ఎక్కడైనా కారుతోందా?"

"లేదు."

"పొగ వస్తోందా?"

"లేదయ్యా! చప్పుడు లేదు. టకటకమని చప్పుడుండేది కదా, అదేదీ?"

మెకానిక్‌కి నవ్వాగలేదు. "పోయింది మాస్టారూ. ఇంత అరిగిన ఇంజనులో పలచటి ఆయిల్ పోస్తే వాల్వుల దగ్గర టకటకలాడుతుంది. చిక్కటిది, ట్వంటీ ఫిఫ్టీ రకం పోశాను. నోరు మూసుకుంది. చప్పుడు పోగొట్టమని అందరూ వస్తారు గానీ, పోయిన చప్పుడు తెచ్చిపెట్టమని వచ్చింది మీరొక్కరే."

"నేను చెప్పానా చిక్కటిది పొయ్యమని?"

"మీరు బండి వదిలి వెళ్లాక మీ ఇంటి నుంచి ఫోనొచ్చింది. ఎవరో ఆడవాళ్లు. ఈ మాట మీ తమ్ముడుగారికి ఎన్నిసార్లు చెప్పానో! 'ఇంట్లో కూడా ఇదే పోరు' అంటూ నవ్వేసేవారు. ఇన్నాళ్లకి ఒకరైనా పట్టుబట్టారని సంతోషించాను."

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. ఆడవాళ్లంటే ఇంకెవరు, తన భార్యే. అక్కడే నిలబడి ఫోను చేశారు.

"బుద్ధుందా నీకు? కారు సంగతి నీకెందుకు?"

అవతల ఏడుపు గొంతు వినిపించింది. "ఎన్నాళ్లండీ ఈ నాటకం? రోజూ ఆ కారేసుకుని ఎక్కడెక్కడో తిరిగొచ్చి, దిగకుండా స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడుస్తుంటారు. నేను చూళ్లేకపోతున్నాను. అయినా నేనేం..."

ఆయన ఫోను పెట్టేశారు.

"అదంతా తీసేసి మునుపటి పలచటిదే పొయ్యి."

"చెబితే వినండి మాస్టారూ. అది కొత్త బండ్లకి పోసేది, నీళ్లలా ఉంటుంది. వేడెక్కితే ఈ ఇంజనులో నిలవదు. బేరింగులు పోయి పట్టేస్తుంది. తమ్ముడుగారు ప్రాణంలా చూసుకునే బండి. రేపాయన వచ్చి అడిగితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"వాడు రాడు."

ఆ మాట అన్న తీరుకి మెకానిక్ నవ్వు ఆగిపోయింది. మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు.

"పని మీద రైల్లో వేరే ఊరు వెళ్లాడు. అక్కడే, నిద్రలోనే పోయాడు. నెల దాటింది. అమ్మకి చెప్పలేదు. గుండె తట్టుకోదన్నారు."

"అయ్యో! మరి ఆవిడ అడగరా?"

"ఎందుకడుగుతుంది? ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు. ఆ డొక్కు కావాలో నేను కావాలో తేల్చుకోమంది. వాడు మేడ మీదికి మకాం మార్చేశాడు. ఇద్దరూ మొండిఘటాలే. అమ్మ మంచం పట్టాక కూడా వాడు ఆ గది గడప తొక్కలేదు. కానీ సాయంత్రం కిటికీ కింద ఆ టకటక వినిపిస్తే గానీ అమ్మ ముద్ద ముట్టేది కాదు. అందుకని ఇప్పుడు రోజూ ఆ వేళకి నేనే తెచ్చి ఆపుతున్నాను. నిన్న చప్పుడు లేదు. తినకుండా గోడవైపు తిరిగి పడుకుంది. ఇంకో పూట ఇలాగే ఉంటే మనిషి దక్కదు."

మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి.

"పలచటిది పోస్తే ఎన్నాళ్లు నడుస్తుంది?" అడిగారు మాస్టారు.

"రోజూ తిప్పితే వేసవి దాటదు."

"చాలు. అమ్మక్కూడా డాక్టరు అంతే చెప్పాడు."

మెకానిక్ కారు కింద తొట్టి పెట్టి, నట్టు విప్పి, నిన్న పోసిన ఆయిలంతా వదిలేశాడు.

సాయంత్రం కారు కిటికీ కింద ఆగింది. టకటక, టకటక. అంతకన్నా దిక్కుమాలిన చప్పుడు లోకంలో ఉండదు. మాస్టారికి మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. కాసేపు అలాగే ఉంచి, ఇంజను ఆపి, చెప్పులు చేత పట్టుకుని పెరటి గుమ్మంలోంచి లోపలికి వచ్చారు.

"ఆ ఫోను నేను చెయ్యలేదండీ," అంది భార్య, కంచం అందిస్తూ.

"ఇంకెవరు చేస్తారు?" అని విసుక్కుని అమ్మ గదిలోకి వెళ్లారు.

అమ్మ గోడవైపే తిరిగి ఉంది.

"తమ్ముడొచ్చాడమ్మా. విన్నావుగా? లే, రెండు ముద్దలు తిను."

అమ్మ ఇటు తిరిగింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. నెమ్మదిగా లేచి కూర్చుని కంచం ఒళ్లో పెట్టుకుంది. ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేసింది.

"ఇంజను ఆపేముందు వాడు ఒక్కసారి రయ్యిమనిపించేవాడురా. వచ్చానమ్మా అని నాతో చెప్పడం అది. నీకు తెలీదు పాపం."

మాస్టారు మంచం కోడు పట్టుకున్నారు.

"నువ్వింత అవస్థపడి రోజూ వాణ్ని తీసుకొస్తుంటే, తినకుండా ఎలా ఉండనురా? ఒక్క పూటైనా వాడి కోసం కరువుతీరా ఏడుద్దామనే, ఎంత పోరినా వాడు పోయించని ఆ చిక్కటి ఆయిల్ పొయ్యమని నేనే ఫోను చేసి చెప్పాను."