కాళ్ళ కింద ఇటుక

పోయిన ఎన్నికల పూట స్పృహ పూర్తిగా తప్పిపోయి ఉంటే బాగుండేది, అనుకున్నాడు ఆల్వా టిన్స్లీ. కానీ అన్నీ గుర్తున్నాయి. బానిసత్వం కావాలంటూ నది దాటి వచ్చిన మిస్సోరీ గుంపు, వాళ్ళు గొడ్డలితో పగలగొట్టిన ఓట్ల పెట్టె, అడ్డం వెళ్ళిన తన తొడలో దిగిన తూటా. ఆ తర్వాత తనని మోసుకెళ్ళిన జూబల్ వీపు. తడిసిన ఉన్నికోటు వాసన. ఆ వీపు మీద తను చంటిపిల్లాడిలా ఏడవడం.

ఇప్పుడా వీపు మళ్ళీ కళ్ళముందే ఉంది. మంచు మీద జారే గుర్రబ్బండి తోలుతున్నాడు జూబల్.

"కాళ్ళకి సెగ తగులుతోందా అయ్యా?"

ఆల్వా కాళ్ళ కింద గుడ్డలో చుట్టిన వేడి ఇటుక ఉంది. ఆ ఆలోచనా జూబల్‌దే.

"అయ్యా అనొద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఇక్కడ దొరలెవరూ లేరు."

"దొర దగ్గర నన్ను నేను కొనుక్కుని బయటపడ్డాను గానీ, ఈ అలవాటు మాత్రం వెంటే వచ్చింది. మీ ఓటు పడ్డాక మానేస్తాను లెండి."

"నీకే ఓటుంటే బాగుండేది."

"నల్లవాడికి ఓటెవరిస్తారు? మీరున్నారుగా."

ఆల్వా నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

టెనెస్సీలో పుట్టాడు తను. పక్క పొలంలో కొరడా చప్పుడు వింటూ పెరిగాడు. తండ్రిని కూలికి పిలిచినవాడు లేడు. ఊరికే చేసేవాళ్ళుండగా డబ్బిచ్చి ఎవడు పిలుస్తాడు? అందుకే అన్నీ వదులుకుని కాన్సస్ వచ్చాడు. ఇదీ అలాంటి చోటే కాకూడదు. చచ్చినా కాకూడదు.

"ఇవాళ మనం నెగ్గితే వాగు పక్క నేల దున్నుతాను," అన్నాడు జూబల్ వెనక్కి తిరగకుండానే. "ఒహాయో నుంచి మా ఆవిడ హెస్టర్‌నీ, పిల్లనీ తెచ్చుకుంటాను. మీకూ మాకూ మధ్య ఒకటే కంచె. రోజూ పొద్దున్నే లేచి మీ మొహమే చూడాలి, ఖర్మ."

"నా మొహానికేమైంది?"

"బానే ఉంటుంది. ఏడ్చినప్పుడే కాస్త చూడలేం."

రోజూ పొద్దున్నే. ఆల్వా ఆ మాటని చాలాదూరం మనసులోనే నములుతూ వచ్చాడు.

లైమన్ దుకాణంలో ఓటింగు. పొయ్యి చుట్టూ మగవాళ్ళు, తుపాకులు. ఓట్ల పెట్టెల వెనక లైమన్.

"బతికే ఉన్నావే! ఆ తూటా తీసిన డాక్టరెవరోయ్?"

"జూబల్. కొలిమి పట్టకారుతో."

"గట్టి పిండానివి. చూస్తూ ఉండు ఆల్వా, ఈ గొడవ కాన్సస్‌తో ఆగదు. దేశమే రెండు ముక్కలై కొట్టుకుంటుంది."

"కొట్టుకోనీ. ఈ నేల మీద మాత్రం బానిసత్వం అడుగు పెట్టకూడదు."

అందరూ బల్లలు చరిచారు. కుంటుతున్న అతన్ని ఎవరో భుజం పట్టి నడిపించారు. బానిసత్వాన్ని నిషేధించే రాజ్యాంగానికి 'సమ్మతం' అన్న చీటీని మొదటి పెట్టెలో వేశాడు ఆల్వా. తండ్రి బతికుండి చూస్తే బాగుండేదనిపించింది. జీవితంలో మొదటిసారి తనమీద తనకి గౌరవం కలిగింది.

కిటికీలోంచి బయటికి చూశాడు. జూబల్ ఎవరి పొయ్యిలోనో ఇటుకని మళ్ళీ కాచి తెచ్చాడు. గుడ్డలో చుట్టి, ఆల్వా కాళ్ళు పెట్టుకునే చోట జాగ్రత్తగా సర్దుతున్నాడు. వంగిన ఆ వీపు మీద మంచు పడుతోంది.

ఆల్వా చూపు తిప్పుకున్నాడు. చేతిలో ఇంకో చీటీ మిగిలింది.

బానిసలు కాకపోయినా సరే, నల్లవాళ్ళెవరూ కాన్సస్‌లో కాపురం ఉండకూడదన్న చట్టానికి 'సమ్మతం' అన్న ఆ చీటీని రెండో పెట్టెలో వేసి, బయటికొచ్చి, జూబల్ అందించిన చెయ్యి పట్టుకుని బండెక్కాడు.