ఈశాన్యం పెరిగిన స్థలం

వేసవికి ఎండిపోయిన కుంటలో నక్క ముగ్గుపిండితో గీతలు గీసి, నాలుగు మూలలా హద్దురాళ్లు పాతింది. అటుగా పోతున్న చిట్టెలుకను పిలిచి, "చెల్లెమ్మా, ఇక్కడో స్థలం కొని పడెయ్. రేపు పిల్లలకు పనికొస్తుంది" అంది.

"నా దగ్గర గుప్పెడు వేరుశనక్కాయలే ఉన్నాయన్నా. పైగా ఈ వ్యవహారాలు నాకు కొత్త."

"గుప్పెడు చాలు. అందరూ కొత్తగానే మొదలుపెడతారు."

ఎలుక తెలివిగలది, ఊరికే కొనదు. స్థలం తూర్పు ముఖమేనా అని చూసింది. ఈశాన్యం పెరిగిందో లేదో తోకతో రెండుసార్లు కొలిచింది. వానొస్తే నీళ్లు ఎటు పోతాయని మాత్రం అడగలేదు. కాయలిచ్చేసి, బంధువులందరికీ చెప్పుకుంది.

ఆషాఢంలో వానలు దంచికొట్టాయి. ఎలుక వచ్చి చూస్తే స్థలం నిండా నీళ్లు, మధ్యలో ఒక కప్ప.

"ఎవరి స్థలంలో ఈదుతున్నావే?"

"నా స్థలంలోనే! నిన్ననే నక్కకు నాలుగు నత్తలిచ్చి కొన్నాను. ఈశాన్యం కూడా చూసుకున్నాను" అంది కప్ప.

ఇద్దరూ కలిసి నక్క మీదికి వెళ్లారు. నక్క తొణకలేదు.

"ఎందుకమ్మా గొడవ? ఎండాకాలం ఎలుకమ్మది, వానాకాలం కప్పమ్మది. ఒకరి జోలికి ఒకరు రారు."

ఇద్దరికీ సబబుగానే తోచింది. వెళ్లబోతూ ఎలుక ఆగింది.

"మరి నీళ్లు ఇంకి బురదగా ఉన్నప్పుడో?"

"అప్పటికి పందిగారు పొద్దున్నే అడ్వాన్సు ఇచ్చి వెళ్లారు. ఆయనా ఈశాన్యం చూసుకునే తీసుకున్నారు" అంది నక్క.