తవ్వకి కొసరు

డుంబ్రిగుడ సంతలో ఆ ఇత్తడి తవ్వ కంటపడగానే సన్యాసిరావుకి ప్రాణం లేచొచ్చినట్టయింది.

మూతి దగ్గర చిన్న సొట్ట. అనుమానం లేదు, అదే. స్వర్ణ దాంతోనే ఉడికిన రాజ్మా కొలిచి అడ్డాకు డొప్పల్లో పోస్తోంది.

'దొరికావే!' అనుకున్నాడు.

స్వర్ణ పేరు చెబితేనే ఆయనకి ఒళ్లు మంట. మొన్నటిదాకా ఆయన ఇంట్లో వంట చేసిన మనిషి. చెప్పాపెట్టకుండా మానేసి, సరిగ్గా ఆయన టిఫిన్ హోటల్ ఎదురుగానే పొయ్యి పెట్టింది. ఉల్లిపాయలు, కొండమిరప వేసిన రాజ్మా గుగ్గిళ్లు. సంతకొచ్చిన జనమంతా అక్కడే. ఈయన ఇడ్లీల మీద ఈగలు. దాని పొయ్యి ఆర్పితే గాని తనకి నిద్ర పట్టదని పెళ్లాంతో ఒట్టేసి మరీ వచ్చాడు.

"ఏటే గుంటా, అట్ట మీద అరకిలో అని రాసీసి, తవ్వతో కొలుత్తన్నావేటి?"

"ఉడికిన గింజ తవ్వెడు తీత్తే అరకిలో తూగుతాది సావుకారూ. నాకు కాటా లేదు."

"నీళ్లు తాగి ఉబ్బిన గింజ! తవ్వ నిండినట్టే కనబడతాది. తూకం ఎక్కడిది? తడిగుడ్డతో గొంతులు కోసేత్తందర్రా ఇది! వీడియో తియ్యండి!"

జనం మూగారు. సంత పెద్ద సోంబరు కూడా వచ్చాడు.

"దొంగ కొలతైతే ఏటి సేత్తావు పెద్దా?" అడిగాడు సన్యాసిరావు.

"ఎవులిదైతే ఆళ్ల పొయ్యి ఈ సంతలో ఎలగదు."

"ఆ మాట మీదుండు!"

"నాకూ ఇష్టమే," అంది స్వర్ణ. "ఎవులిదైనా ఒకటే నాయం."

ఆ ధీమా చూసి ఆయనకి ఇంకా మండింది. కాసేపాగు, ఏడుద్దువుగాని అనుకున్నాడు.

పక్కన అల్లం అమ్మేవాడి కాటా తెచ్చారు. స్వర్ణ నీళ్లు వార్చిన రాజ్మా తవ్వ నిండా తీసి, కాటా మీది డొప్పలో పోసింది. అలవాటు ప్రకారం పెద్ద గరిటెతో కొసరు కూడా వేసింది. సన్యాసిరావు కళ్లన్నీ తవ్వ మీదే ఉండి, ఇందాకట్నుంచీ ఆ గరిటెను చూసుకోలేదు.

కాటా మీద అంకె ఐదువందలు దాటింది.

"అరకిలోకి పైనే ఉంది," అన్నాడు సోంబరు.

"సావుకారికి గుగ్గిళ్లు తినాలనున్నట్టుంది. అడిగితే పెట్టదేటి?" ఎవరో అన్నారు. ఒకటే నవ్వులు.

ఆ నవ్వుతో ఆయనకి తల తిరిగిపోయింది. ఇంక నోటికి హద్దు లేదు.

"కొసరు తీసీసి తూయండర్రా! ఆ తవ్వలో అరకిలో ఎలా పడతాది? లోపల అడుక్కి పైన ఇంకో రేకు అతికించుంది! ముప్పాతిక వంతు పడతాది, అంతే!"

నవ్వులు ఆగిపోయాయి.

సోంబరు తవ్వ అందుకుని తిరగేసి చూశాడు. లోపల చెయ్యి పెట్టి తడిమాడు. అంతా నున్నగా ఉంది.

"పైకేటీ తెలవట్లేదే!"

"తెలీదు పెద్దా," అంది స్వర్ణ. గరిటె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. పొద్దుట్నుంచీ లేని నవ్వు అప్పుడొచ్చింది ఆమె మొహంలోకి. "రేకున్న మాట నిజమే. అందుకే రోజూ కొసరేత్తన్నాను. మరి నీకెలా తెలిసింది సావుకారూ?"

పప్పుల కొట్టు ఎత్తేసి హోటల్ పెట్టినప్పుడు తుక్కులో పడేసేదాకా, ఇప్పుడు చుట్టూ మూగిన ఈ జనానికే సన్యాసిరావు తన చేత్తో కందిపప్పు కొలిచి పోసిన తవ్వ అది.