మణికి ఇచ్చిన గడువు

మణి మెడలోని పట్టీ మీద ఎర్ర లైటు వెలిగింది. కుక్క కుయ్యిమని పల్టీ కొట్టింది.

"నిల్లు" అని పూంగావనం తమిళంలో అరిచి మళ్లీ రిమోటు నొక్కింది.

మణి నిలవలేదు. వత్తల్‌మలై రోడ్డు దాకా పరుగెత్తి, బస్సు కోసం రాతి మీద కూర్చున్న ఒక ముసలాయన కాళ్ల మధ్య దూరింది.

ఆ కుక్క నాలుగు రోజుల కింద పక్క ఊరి మేకపిల్లను కొరికి చంపింది. ఆ మేకల ఇంటి కోడలు మణిమేగలై చచ్చిన మేకపిల్లను మోసుకొచ్చి ఊరిపెద్ద కన్నప్పన్ ముందు పడుకోబెట్టింది. ఆయన ఇరవై రోజులు గడువిచ్చాడు. ఇరవయ్యో రోజు ఆ మేకల మందనే కుక్క ముందు నుంచి తోలిస్తారు. కదలకుండా ఉంటే బతుకుతుంది. మీద పడితే విషం పెడతారు.

పూంగావనం ఒంటరి మనిషి. పాపిరెడ్డిపట్టిలో ఇళ్లు కట్టేచోట సిమెంటు మోస్తుంది. అక్కడే ఒక ఖాళీ సంచిలో, ఇంకా కళ్లు తెరవని మణి దొరికింది. ఆరేళ్లుగా ఆమె ఇంట్లో మాటా పలుకూ దానితోనే. విషం పెట్టించడానికా పెంచింది?

పని మానేసింది. హోసూరులో ఉద్యోగం చేసే చెల్లెలు మలర్‌తో, మీట నొక్కితే షాకు కొట్టే ఈ కరెంటు పట్టీ తెప్పించింది. దానితో వచ్చిన కాగితమంతా ఇంగ్లీషు. చదివేదెవరు? అంకె ముప్పై మీద పెట్టి నొక్కడమే.

ఎందుకమ్మా దాన్ని ఏడిపిస్తావని ముసలాయన తమిళంలో అడిగాడు.

పూంగావనం అసలే మండిపడుతోంది. బస్సుకు వచ్చినవాళ్లు బస్సు సంగతి చూసుకుంటే చాలని మొహాన చెప్పేసింది. తర్వాత కుక్క పక్కన చతికిలబడి, ఎవరికీ వినిపించకూడదన్నట్టు తెలుగులో గొణిగింది.

"నా బంగారు కదరా. ఉండరా. కాసేపు ఉండు."

మణి బుద్ధిగా ఉండిపోయింది.

ముసలాయన నవ్వి, ఈసారి తెలుగులో అన్నాడు. "మా ఇంట్లోనూ ఇదే మాట తల్లీ. ఇంట్లో తెలుగులో ముద్దు చేసి, బయటికొచ్చి తమిళంలో అరిస్తే దానికేం తెలుస్తుంది?"

పూంగావనానికి గడప దాటితే తమిళమేనని అమ్మ చిన్నప్పుడే నేర్పింది. ఇంటి మాట బయట వినిపిస్తే నలుగురూ నవ్వుతారని అక్కడి తెలుగు ఇళ్లలో అందరికీ బెరుకే. ఆ కట్టుబాటు కుక్కకు తెలియదు కదా అని మాత్రం ఈ మహాతల్లికి తోచలేదు.

ముసలాయన పట్టీ తన ముంజేతికి కట్టించుకుని నొక్కమన్నాడు. ముప్పై దగ్గర చెయ్యి ఎగిరిపడింది. తగ్గిస్తూ పోయారు. ఆరు దగ్గర చీమ పాకినట్టుందన్నాడు.

కుక్క చెవి కదిలితే చాలని, అరిచిందంటే ఎక్కువైనట్టని చెప్పాడు. ముందు మాట చెప్పాలి. వినకపోతే మెల్లగా నొక్కాలి. విన్న క్షణం వేలు తీసెయ్యాలి. తర్వాత ఓ ఎండుచేప ముక్క.

ఆయనకు ధర్మపురి పెద్దాసుపత్రిలో రోజూ సూది వెయ్యాలట. వచ్చిన బస్సును వదిలేసి, తర్వాతి బస్సు దాకా పూంగావనం పక్కనే కూర్చునేవాడు. నాలుగు మాటలకే ఆయాసపడేవాడు. ఆమె ఆయన పేరు కూడా అడగలేదు.

గడువులో పదో రోజుకు మణి సగం దారిలో ఆగి వెనక్కి చూడటం నేర్చింది. ఆ ఉత్సాహంలో పూంగావనం కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

"ఒక మేకపిల్లకు నా బిడ్డ ప్రాణం అడుగుతారా అయ్యా? ఆ ఇంట్లోవాళ్లకు గుండె ఉండాదా?"

"ఆ పిల్లను వాళ్లూ పెంచుకునే ఉంటారు గదమ్మా" అన్నాడాయన.

ఆమెకు ఒళ్లు మండింది. మీరు ఎవరి పక్షమని గట్టిగా అడిగేసి, మొహం తిప్పుకుంది. ఆయన బస్సెక్కే దాకా మళ్లీ పలకలేదు.

మర్నాటి నుంచి ఆయన రాలేదు. కోపమొస్తే రానీ అనుకుంది. మనసు పీకుతూనే ఉంది. అయినా నేర్పడం వదల్లేదు. పొద్దున్నా సాయంత్రమూ ఎండలో నిలబడి అదే మాట, అదే చేప ముక్క. పదిహేనో రోజు నుంచి మీట నొక్కాల్సిన పని పడలేదు. పద్దెనిమిదో రోజు పట్టీయే తీసేసింది.

ఇరవయ్యో రోజు ఊరంతా చేరింది. మణిమేగలై మందను తోలుకొచ్చింది.

మణి చెవులు నిక్కపొడిచి రెండడుగులు దూకింది.

"ఉండు" అంది పూంగావనం, ఊరంతటికీ వినిపించేలా, తెలుగులో.

మణి ఒళ్లంతా వణుకుతూ కూర్చుంది. మేకలన్నీ దాటిపోయేదాకా లేవలేదు.

కన్నప్పన్ తల ఊపాడు. కుక్క జోలికి ఇంకెవరూ పోకూడదని అందరి ముందూ చెప్పాడు. పూంగావనం మణి మెడ చుట్టూ చేతులు వేసి వెక్కివెక్కి ఏడ్చింది.

జనం కదిలాక మణిమేగలై దగ్గరికొచ్చి కూర్చుంది.

"తల్లి లేని మేకపిల్లక్కా అది. మా మామ సీసాతో పాలు పట్టి పెంచినాడు. కుక్కను తానే కొట్టి చంపుతానని ఒకనాడు ఇక్కడికొచ్చినాడు. తిరిగొచ్చి, నువ్వు దాన్ని నిలబెడతావని చెప్పినాడు. నీ కుక్క ముందరికి మందను నేనే తోలుకురావాలని ఒట్టు వేయించుకుని పోయినాడు. మామ పోయి ఎనిమిది దినాలాయె."

రోజూ ఆసుపత్రి బస్సు వదిలేసి మణికి బుద్ధి నేర్పిన ముసలాయనే ఆ మామ.