సంచిలో బరువు

తుంగభద్ర నడిమధ్యలో, పుట్టి నడిపే హొన్నూరుస్వామి తెడ్డు ఆపేశాడు.

"సంచిలో ఏముండాదమ్మా? శానా బరువుండాది."

"గుడికిచ్చే గంటప్పా," అంటూ పంకజాక్షి సంచిని ఒళ్లోకి లాక్కుంది. నడిగడ్డ మీది అమ్మవారి దగ్గరికి ఉత్త కాళ్లతో వస్తానని ఆమె మొక్కు. అందుకే చెప్పులు గట్టునే విడిచి పుట్టి ఎక్కింది. ఎక్కేటప్పుడే ఇతను సంచిని రెండుసార్లు ఎత్తి చూశాడు.

"ఒక్కదానివే వచ్చినావా?"

"మావాళ్లు ఎనకాల వస్తాండారు." అబద్ధం ఆమె నోటికి తడుముకోకుండా వచ్చింది.

అతను గట్టు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. చుట్టూ నీళ్లు, బండలు, జమ్ము మొలిచిన గడ్డలు.

"అంచుకు కూకోవద్దు, నడిమికి రా. ఆ ఫోన్ ఇట్లియ్యి, మీ ఇంట్లోవాళ్లతో మాట్లాడల్ల."

ఫోన్ కూడానా! పంకజాక్షికి భయం పోయి ఒళ్లు మండింది. మెడలో గొలుసు తీసి అతని ముందుకు విసిరింది.

"ఇదే కదా నీక్కావాల్సింది? తీసుకో. నన్ను మాత్రం ముట్టుకోవద్దు."

అతను గొలుసును చూడను కూడా లేదు.

"సంచి ఇప్పమ్మా, నీకు పున్నెముంటాది. లోపల రాళ్లు కాదు గదా?"

ఆమె సంచి విప్పింది. ఇత్తడి గంట ఖంగుమంది.

హొన్నూరుస్వామి తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"పోయిన ఎండాకాలం ఒకామె ఇట్లే చెప్పులు గట్టున ఇడిసి, బరువు సంచితో ఎక్కింది. నేనేమీ అడగలేదమ్మా."